ఇక్కడ నవ్వుతారు

ఆ రోజు పొద్దున వ్యాన్ డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. రేవు గేటు దగ్గర ఇద్దరిని ఎక్కించుకోవాలి, ఊరు చూపించాలి, సాయంత్రం ఓడ కూత వేసేలోపు తెచ్చి దించాలి. విహార నౌకలు ఆ రేవులో ఒక్క పగలు ఆగుతాయి. దిగినవాళ్ళలో చాలామంది పెద్ద బస్సులెక్కి వెళ్ళిపోతారు. గుంపులో నడవడం ఇష్టం లేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు మాత్రం ఓడ ఎక్కకముందే మెయిల్ పంపి, తమకోసం విడిగా ఒక వ్యాన్, ఒక గైడ్ కావాలని బుక్ చేసుకుంటారు. వ్యాన్ ఆయనది. గైడ్ ఆయన భార్య. ఊళ్ళో అందరూ ఆవిడని గైడమ్మ అనేవారు.

పథకంలో లోపం ఒక్కటే. గైడమ్మ చనిపోయింది.

ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఓడలు రాని వానాకాలంలో చెల్లెల్ని చూడటానికి పొరుగూరు వెళ్ళి, అక్కడే జబ్బుపడి, అక్కడే ఆసుపత్రిలో కన్నుమూసింది. సాగనంపిన రోజున ఆయన, ఆవిడ చెల్లెలు, ఎడతెగని వాన తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చాక ఎవరైనా అడిగితే "చెల్లెలి దగ్గరుంది" అనేవాడు. మొదటిసారి అలా అన్నది ఆ మనిషితో మాట పెంచడం ఇష్టం లేక. తర్వాత అదే అలవాటైంది. నలుగురూ ఆవిడ వస్తుందనుకుంటున్నంతకాలం, ఊళ్ళో సగం వీధుల్లో ఆవిడ ఇంకా బతికే ఉన్నట్టు ఉండేది.

అలాంటప్పుడు ఒక పెద్దావిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "కొన్నేళ్ళ క్రితం మీ ఊళ్ళో దిగాం. ఇప్పుడు మేమిద్దరం మళ్ళీ వస్తున్నాం. అదే వ్యాన్, అదే గైడమ్మగారు కావాలి. ఆవిడ ఆ రోజు చెప్పిన మాటలే మళ్ళీ వినాలని ఉంది" అని అందులో ఉంది. దానికి జవాబుగా ఆయన ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కంప్యూటరు ముందు కూర్చుని ఒంటివేలితో "ఆవిడ" అని కొట్టాడు. ఆ తర్వాతి మాట కోసం చాలాసేపు మీటల మీద వెతికాడు. అక్షరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి "ఆవిడ" అన్నది చెరిపేసి "సరే, రండి" అని కొట్టి పంపేశాడు. ఆ తర్వాత జరిగినవాటన్నిటికీ కారణం ఆ రాయని వాక్యమే.

పంపిన మర్నాడు భయం వేసి మరదలికి ఫోన్ చేశాడు. ఆవిడ టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగంలో ఉంది. తనకు తెలియని విషయాన్ని తొణక్కుండా వివరించడంలో ఆవిడకి ఏళ్ళ తరబడి అనుభవం. సెలవు పెట్టి ఓడ వచ్చే రోజు పొద్దున్నే దిగి, వంటింటి బల్ల ముందు కాఫీ కప్పుతో కూర్చుంది.

"నేర్పండి బావగారూ. ముందు ఏం చూపించాలి?"

"సుంకాల భవనం."

"దాని గురించి అక్క ఏం చెప్పేది?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి, ఇన్నేళ్ళు పక్కనే ఉండి?"

"పక్కన కాదు. నేను ముందు, తను వెనక. మధ్యలో గాజు పలక."

నిజంగానే వాళ్ళ పని పద్ధతి అది. డ్రైవరు సీటుకీ వెనక భాగానికీ మధ్య మందపాటి గాజు పలక ఉంది. దానికి ఆనించి ఒక మడత సీటు. గైడమ్మ ఆయన వైపు వీపు పెట్టి, ప్రయాణికుల వైపు తిరిగి కూర్చునేది. గాజు మీద ఒకసారి తడితే నెమ్మదిగా పోవాలి, రెండుసార్లు తడితే ఆపాలి, గబగబా తడితే వెనక ఎవరికో ఆకలేస్తోందని అర్థం. పాత ఇంజను చప్పుడులో ఆవిడ మాట ఒక్కటి కూడా ఇవతలకి వచ్చేది కాదు. ఊరంతా ఆయనకి ఆ తట్టుళ్ళ ప్రకారమే తెలుసు. ఎక్కడ ఆగాలో తెలుసు, ఎందుకు ఆగాలో తెలియదు.

"పోనీ, మీకు తెలిసిందే చెప్పండి," అంది మరదలు.

"సుంకాల భవనం దగ్గర అందరూ తలలెత్తి చూస్తారు. అక్కణ్ణుంచి పళ్ళ డాక్టరు గోడ. అక్కడ నవ్వుతారు."

"గోడ చూసా?"

"బాగా నవ్వుతారు. వ్యాన్ ఊగుతుంది."

"ఏముంది ఆ గోడ మీద?"

"ఏం లేదు. గోడ."

మరదలు కాఫీ కప్పు కింద పెట్టింది. "తర్వాత?"

"చెప్పుల కొట్టు. అక్కడ మళ్ళీ నవ్వుతారు, తర్వాత ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఒకాయనైతే దిగేటప్పుడు ముందుకొచ్చి నా భుజం తట్టి వెళ్ళాడు. ఎందుకో తెలీలేదు."

"అక్కని అడగలేదా?"

"అడిగాను. మీకెందుకు, రోడ్డు చూడండి అంది."

మరదలు మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. "ఒక్క మెయిల్ రాస్తే పోయేది కదా బావగారూ," అంది చివరికి. ఆయన వ్యాన్ తాళాలు తీసుకున్నాడు.

రేవు గేటు దగ్గర పెద్దావిడని ఆయన గుర్తుపట్టలేదు. ఆయనకి ప్రయాణికులంటే రోడ్డుకి వెనక ఉండేవాళ్ళు. లేతరంగు చీర, చేతిలో మడత కర్ర. పక్కన గళ్ళ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, అర్థం లేకుండా అందరికీ తలూపుతూ నిలబడ్డాడు. పెద్దావిడ ముందు వ్యాన్‌ని చూసింది, తర్వాత లోపల మడత సీటుని చూసింది, ఆ తర్వాత మరదల్ని చూసింది.

"గైడమ్మగారు..." అంది.

"గైడ్ నేనేనండి," అంది మరదలు. అక్కాచెల్లెళ్ళ మధ్య ముక్కు వరకు పోలిక ఉంది.

"కాస్త మారినట్టున్నారు."

"వయసండి. సార్ కూడా బాగా మారారు."

ఫిర్యాదుల గదిలో నేర్చుకున్న ఎత్తు అది. ఎదుటివాళ్ళు వేలెత్తి చూపిస్తే వెంటనే వాళ్ళవైపు కూడా ఏదో ఒకటి చూపించాలి. దాని ఫలితం మాత్రం ఆవిడ అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది. టోపీ ఆయన మొహం పాలిపోయింది. "అవునవును, వయసే," అని టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. పెద్దావిడ మరేమీ అడగకుండా వ్యాన్ ఎక్కింది.

సుంకాల భవనం గండం ఎలాగో గడిచింది.

"ఈ భవనం చాలా పాతదండి," అంది మరదలు.

"ఎంత పాతది?" అన్నాడు టోపీ ఆయన.

"మీరు అనుకుంటున్నదానికంటే ఇంకా పాతది."

"ఎవరు కట్టించారు?"

"ఆ వివరం సంబంధిత విభాగం పరిశీలనలో ఉంది. మీ సహనానికి ధన్యవాదాలు."

ఇద్దరూ తలలెత్తి చూశారు. ముందు సీట్లోంచి అద్దంలో అది చూసిన డ్రైవరు కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. తలలెత్తారంటే సరిగ్గానే జరుగుతోందన్నమాట.

పళ్ళ డాక్టరు గోడ దగ్గర ఆయన అలవాటు కొద్దీ ఆపాడు. వెనక గాజు మీద ఎవరూ తట్టలేదు. తట్టలేదన్న సంగతి ఆపాక తెలిసింది. స్టీరింగు మీద చేతులు పెట్టి, నవ్వు కోసం ఎదురుచూశాడు.

లోపల మరదలు గోడని చూసింది. వెలిసిన సున్నం, కింద ఒక పాత గీత, పైన దంతవైద్యశాల బోర్డు. "గోడ చూశారా?" అంది. చూశారు. "చూస్తూనే ఉండండి," అంది. చూస్తూనే ఉన్నారు. ఇక దారిలేక తనే నవ్వింది. ఒంటరి నవ్వు వ్యాన్‌లో కాసేపు తిరిగి, ఎక్కడా ఆనుకోవడానికి చోటు దొరక్క ఆగిపోయింది. అప్పుడు టోపీ ఆయన, ఇది తన బాధ్యత అని హఠాత్తుగా గుర్తొచ్చినవాడిలా, తొడ చరుచుకుని పగలబడి నవ్వాడు. నవ్వుతూ, సరిగ్గా చేస్తున్నానా అన్నట్టు పెద్దావిడ వైపు చూశాడు. పెద్దావిడ నవ్వలేదు. గోడ కింది గీతనే చూస్తూ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే వెనక ఒక పెద్ద బస్సు వచ్చి ఆగింది. దాని గైడు గుంపు తప్పిపోకుండా ఎప్పుడూ ఒక ఎర్ర గొడుగు ఎత్తిపట్టుకుని నడుస్తాడు. ఊళ్ళో ఆయన్ని ఎర్రగొడుగు అనే పిలుస్తారు. తనకొక విషయం తెలియదని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ముందు వ్యాన్‌లో తొడ చరుచుకుని నవ్వుతున్న మనిషిని చూసి బస్సులోవాళ్ళు అడిగారు.

"అక్కడేముంది? మాకెందుకు చూపించరు?"

"దానికే వస్తున్నా," అన్నాడు ఎర్రగొడుగు చేతి మైకు సర్దుకుంటూ. "దీన్ని నవ్వుల గోడ అంటారు. దీని ముందు నిలబడి నవ్వినవాళ్ళకి జన్మలో పళ్ళు ఊడవు. అందుకే చూడండి, డాక్టరు కూడా ఏరికోరి ఇక్కడే పెట్టుకున్నాడు."

బస్సు ఖాళీ అయింది. మనుషులు గోడ పొడవునా వరసగా నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. లోపల కుర్చీలో ఒక రోగి నోరు తెరిపించి పెట్టిన డాక్టరు, పరికరం చేతిలో పట్టుకునే బయటికి వచ్చి, తన గోడని చూసి అంతమంది ఎందుకు నవ్వుతున్నారో తెలియక, ముందు గోడనీ తర్వాత తన బట్టల్నీ చూసుకున్నాడు. రెండో బస్సు కూడా ఆగింది.

డ్రైవరు గబగబా గేరు మార్చాడు. వ్యాన్‌ని ముందుకి దూకించాడు. అద్దంలో చూస్తే ఎర్ర గొడుగు బస్సులోకి ఎక్కుతోంది. ఈ వ్యాన్‌లో ఎవరో పెద్ద మనుషులున్నారనీ, వీళ్ళు ఆగిన చోటల్లా ఏదో ఉందనీ బస్సులో నిర్ణయమైపోయింది. తర్వాతి మలుపు తిరిగేసరికి రెండు బస్సులూ వెనకే ఉన్నాయి. ఆ వెనక స్కూటరు మీద, తెల్లకోటు విప్పకుండానే, పళ్ళ డాక్టరు.

చెప్పుల కొట్టు ఉన్నది సన్నటి వీధి. ఆపకుండా పోదామని డ్రైవరు అనుకున్నాడు గానీ, అక్కడ ఆయన కాలు ఎప్పటిలాగే బ్రేకు మీదికి వెళ్ళింది. వెనక మొదటి బస్సు అడ్డంగా ఇరుక్కుంది. రెండో బస్సు దాని వెనక ఇరుక్కుంది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

కొట్టు గట్టు మీద కూర్చున్న ముసలాయన చేతిలోని చెప్పు పక్కన పెట్టి పలకరించాడు. "ఏం డ్రైవరు బాబూ, బొత్తిగా కనబడటం మానేశారు. గైడమ్మగారి చెప్పులు ఎప్పుడో కుట్టి ఉంచాను. ఆవిడ రాలేదే?"

"చెల్లెలి దగ్గరుంది."

"ఇన్నాళ్ళా? ఎప్పుడొస్తారు?"

"వస్తుంది."

ముసలాయన వెనక చెక్క అరలో ఆ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. గోధుమరంగువి, మడమ దగ్గర అరిగినవి. కొత్త కుట్టు మాత్రం తెల్లగా కనబడుతోంది. డ్రైవరు అటు ఒక్కసారే చూసి, చక్రాల్లో గాలి చూస్తున్నట్టు కిందికి వంగాడు.

వ్యాన్ లోపల మరదలు ఏడిపించే పనిలో ఉంది. "ఈ కొట్టుకి ఒక చరిత్ర ఉందండి," అని మొదలుపెట్టింది. "ఒక నావికుడు ఓడెక్కే ముందు తన చెప్పులు ఇక్కడ కుట్టడానికిచ్చాడు. తిరిగొచ్చి తీసుకుంటానన్నాడు. కొట్టువాడు కుట్టి పెట్టాడు. ఎదురుచూశాడు..." అంటూ చేత్తో అరవైపు చూపించింది. చూపించిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చెప్పులు ఆవిడ అక్కతో కలిసి కొన్నవి. అలాంటి జతే ఇప్పుడు ఆవిడ కాళ్ళకి కూడా ఉంది. "ఎదురుచూశాడు," అని మళ్ళీ అంది. మడత సీట్లో అలాగే వంగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దావిడ ఏడ్చింది. ఈసారి టోపీ ఆయన కూడా ఎవరివైపూ చూడకుండా ఏడ్చాడు. వ్యాన్ కిటికీలోంచి ఇదంతా చూసిన బస్సు ప్రయాణికులు తమకి రావలసిన ఏడుపు తమకి అందడం లేదని గొడవకి దిగారు. కిటికీ దగ్గర చెవి పెట్టి విన్న ఎర్రగొడుగు మైకెత్తాడు.

"ఒక గొప్ప నావికుడు. చెప్పులు ఇక్కడ వదిలి, ఉత్త కాళ్ళతో సముద్రం మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆ చెప్పులు ఇప్పటికీ ఈ కొట్టులోనే ఉన్నాయి."

జనం కొట్టు మీద పడ్డారు. ముసలాయన "ఏ నావికుడు? ఎవరు బాబూ?" అంటూనే ఉన్నాడు. నల్ల కళ్ళద్దాల ప్రయాణికురాలు ఒకావిడ అరలోంచి చెప్పులు తీసింది.

"ఇవేనా? ఆడవాళ్ళ చెప్పుల్లా ఉన్నాయే."

"ఆ కాలంలో నావికులు ఇలాంటివే వేసుకునేవాళ్ళు," అన్నాడు ఎర్రగొడుగు.

ఆవిడ ఫోటో కోసం ఒక చెప్పు కింద పెట్టి అందులో కాలు దూర్చబోయింది. పాదం పెద్దది. కొత్త కుట్టు సాగింది.

"అవి వదిలెయ్యండి," అన్నాడు డ్రైవరు. ఆయన ఎప్పుడు ముందుకొచ్చాడో ఎవరూ చూడలేదు.

"ప్రదర్శనకి పెట్టినవేగా?"

"కాదు. మా ఆవిడవి."

"అలాగా. ఒక్క ఫోటో తీసుకుని ఇచ్చేస్తాను లెండి. ఆవిడ వచ్చేసరికి అక్కడే ఉంటాయి."

"ఆవిడ రాదు," అన్నాడు డ్రైవరు. "చనిపోయింది."

చిన్న వాక్యమే. కంప్యూటరు ముందు అంత వెతికినా దొరకని మాట, ఇప్పుడు అడక్కుండానే వచ్చి వీధిలో పడింది. కళ్ళద్దాలావిడ కాలు వెనక్కి తీసేసింది. ముసలాయన చేతిలోని, చెప్పులు కుట్టే ఆరె జారి గట్టు కిందికి దొర్లింది. వెనక వరసలవాళ్ళు "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని ఎర్రగొడుగుని పొడిచారు. తెలియదని చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

"ఆ చెప్పులు నావికుడి భార్యవట," అని మైకులో చెప్పాడు. "పాపం, ఆవిడ చనిపోయిందట."

వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. బస్సువాళ్ళలో ముందు నిలబడ్డ ఒకాయన టోపీ తీశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు తీశారు. రెండో బస్సువాళ్ళు ఏమీ వినలేదు గానీ వాళ్ళూ దిగి తలలు వంచి నిలబడ్డారు. కొట్లాటకి వచ్చిన పళ్ళ డాక్టరు స్కూటరు ఆపి, చేతిలోని పరికరాన్ని మర్యాదగా వెనక దాచుకున్నాడు. చివరికి బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. వానలో ఇద్దరే నిలబడిన ఆ రోజు వ్యాన్ డ్రైవరుకి గుర్తొచ్చింది. తన భార్య కోసం ఇంతమంది నిలబడతారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వీళ్ళలో ఎవరికీ ఆవిడ ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళకి తను చెప్పనే లేదు.

ముసలాయన చెప్పులు తీసి, తడిగుడ్డతో తుడిచి, పాత కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. "నాకు ముందే చెప్పొచ్చుగా బాబూ," అన్నాడు. అంతకుమించి అనలేదు.

డ్రైవరు పొట్లం పట్టుకుని వ్యాన్ వెనక తలుపు తీశాడు. ఇక ఈ ఇద్దరికీ కూడా చెప్పెయ్యాలి. పెద్దావిడ సీట్లోంచి లేవబోతూ తూలింది.

"కూర్చో వదినా, పడతావు," అన్నాడు టోపీ ఆయన కంగారుగా.

అని, నాలిక కరుచుకున్నాడు. మరదలు కొంగు నోటిమీంచి తీసింది.

"వదినా?"

పెద్దావిడ మడత కర్రని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా సర్దింది.

"మా మరిది," అంది. "మావారు కాదు. మావారు పోయారు."

"మరి మెయిల్లో ఇద్దరం వస్తున్నామని రాశారే," అన్నాడు డ్రైవరు.

"ఒక్కదాన్నే అని కొడదామని చూశాను. వేలు రాలేదు. ఇద్దరం అని రాశాక ఇద్దరు రావాలిగా. ఇతన్ని బతిమాలి తెచ్చుకున్నాను."

"బతిమాలిందా, పీక మీద కూర్చుంది," అన్నాడు టోపీ ఆయన. ఇప్పుడాయన టోపీ తీసేశాడు. "ఓడలో కూడా అన్నయ్య తాగినట్టే చక్కెర లేకుండా కాఫీ తాగించిందండి. గేటు దగ్గర మీరు బాగా మారారు సార్ అనేసరికి దొరికిపోయాననుకున్నా."

మరదలు ఏడుపులోంచే ముక్కు చీదుకుంది. "నేనూ గైడ్‌ని కానండి. టెలిఫోన్ కంపెనీ. గైడమ్మ చెల్లెల్ని."

"కాదని తెలుసమ్మా. సుంకాల భవనం దగ్గరే తెలిసింది. మా ఫోను పాడైనప్పుడు కూడా ఇలాగే, సంబంధిత విభాగం అన్నారు." పెద్దావిడ డ్రైవరు వైపు తిరిగింది. "ఆవిడ ఉంటే మిమ్మల్ని గోడ దగ్గర అలా ఉత్తినే వదిలేవారు కాదు. నేను అడగలేకపోయాను. అడిగితే మీరు చెబుతారని భయం."

డ్రైవరు వ్యాన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. వెనక బస్సులవాళ్ళు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. కాసేపటికి, అడగొచ్చో లేదో తెలియనివాడిలా అడిగాడు.

"గోడ దగ్గర ఏం చెప్పేదండి?"

పెద్దావిడ ఆశ్చర్యపోయింది. "మీకు తెలీదా?"

"మధ్యలో గాజు పలక. ఇంజను చప్పుడు."

"మీ గురించేనండి అంతా."

ఆయనకి అర్థం కాలేదు. పెద్దావిడ లేచి, కర్ర ఊతంగా రెండడుగులు వేసి, మరదలు ఖాళీ చేసిన మడత సీట్లో కూర్చుంది. గైడమ్మ కూర్చున్నట్టే వీపు గాజుకి ఆనించింది.

"ఎడమ పక్క చూడండి అనేవారు. అందరం ఎడమ పక్క గోడ చూసేవాళ్ళం. అప్పుడు ఆవిడ చెప్పేవారు: నేను పనిలో చేరిన మొదటిరోజు ఈ డ్రైవరు రోడ్డు మానేసి అద్దంలో నన్ను చూస్తూ, తిన్నగా తీసుకెళ్ళి ఈ గోడకి గుద్దాడు. ఆ గీత అదే. గోడకి ఇవతల నా పన్ను విరిగింది, అవతల పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఇంత అనువైన చోట చూసి గుద్దే మనిషి మళ్ళీ దొరకడని పెళ్ళి చేసుకున్నాను. మధ్యలో ఈ గాజు కూడా అప్పుడే పెట్టించాను, రోడ్డు చూస్తాడని, అనేవారు. మావారైతే నవ్వలేక కింద కూర్చున్నారు."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు కళ్ళార్పలేదు. ఆ గీత తను పెట్టిందేనని తెలిసే పొద్దున మరదలితో ఏం లేదన్నాడు. ఆ పన్ను సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తేది కాదు ఆవిడ. కోపం దాచుకుందేమోనని ఆయన కూడా ఎత్తలేదు. గోడ దగ్గర వినబడే ఆ నవ్వంతా ఊరి చరిత్ర మీదననుకుని, ఊరి చరిత్ర చాలా సరదాగా ఉంటుంది కాబోలనుకునేవాడు.

"ఇక్కడ?" అన్నాడు, చెప్పుల కొట్టు చూపించి.

"ఆ గుద్దులోనే చెప్పు కూడా తెగితే ఇక్కడే కుట్టడానికిచ్చారట. మీ చెప్పులు విడిచి ఆవిడకిచ్చి, మీరు ఉత్త కాళ్ళతో బండి నడిపారట. అవి వేసుకుని నడుస్తుంటే రెండు పడవలు లాక్కెళుతున్నట్టు ఉండేదట. సాయంత్రం తిరిగిచ్చేద్దామనుకుంటే మీరు అడగలేదు. రేపు ఇద్దామనుకున్నారు. రేపూ అడగలేదు. ఇంకా ఇవ్వలేదు, అందుకే వెళ్ళలేకపోతున్నాను అనేవారు." పెద్దావిడ చెయ్యి వెనక్కి తిప్పి, గాజు అవతలి డ్రైవరు సీటుని చూపించింది. "తర్వాత భుజం మీదుగా ఇలా వేలితో చూపించేవారు. ఈ ఊళ్ళో చూడాల్సిన పాత కట్టడాలు మూడే. సుంకాల భవనం, దీపస్తంభం, ఈ వీపు. మొదటి రెంటినీ ప్రభుత్వం చూసుకుంటుంది."

డ్రైవరు చాలాసేపు రోడ్డువైపే చూశాడు. తర్వాత లేచి ముందు సీట్లోకి వెళ్ళాడు. గాజు పలకకి పక్కకి జరిపే తలుపు ఒకటుంది. ఎన్నడూ తీయక బిగుసుకుపోయింది. పిడికిలితో కొట్టాడు. కదల్లేదు. ఇవతలనుంచి ఆయన, అవతలనుంచి టోపీ ఆయన కలిసి లాగితే, కీచుమంటూ జానెడు తెరుచుకుంది.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు. "మొదట్నుంచి."

దీపస్తంభం దాకా వెళుతూ చెప్పింది. అక్కణ్ణుంచి రేవుకి వస్తూ ఇంకోసారి చెప్పింది. తను మర్చిపోయినచోట మరిది అందించాడు. పొద్దున ఓడలో భర్త వేషానికి వల్లె వేయించినప్పుడు అన్నీ కంఠస్థం అయ్యాయట. ఒక మలుపులో వ్యాన్ వీధిదీపం స్తంభానికి వెంట్రుకవాసి దూరంలోంచి పోయింది.

"బావగారూ, రోడ్డు చూడండి," అంది మరదలు.

ఆ మాటకి వెనక ముగ్గురూ నవ్వారు. ఇన్నేళ్ళలో ఆయనకి కారణం తెలిసిన మొదటి నవ్వు అది. నవ్వబోయాడు గానీ, అది సగంలోనే మరో దారి పట్టింది. బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఎవరూ ఓదార్చలేదు. ఓడ కూత వేసినా, వెళ్దామని ఎవరూ తొందరపెట్టలేదు.

రేవు గేటు దగ్గర దిగుతూ పెద్దావిడ అంది. "మళ్ళీ వస్తాను. ఈసారి ఒక్కదాన్నే."

"గైడ్ ఉండదండి," అన్నాడు డ్రైవరు.

"గైడ్‌గా నేను వస్తున్నానుగా. మీరు వ్యాన్ తీసుకురండి చాలు."

టోపీ ఆయన డ్రైవరు భుజం తట్టి, గబగబా ఓడవైపు నడిచాడు. ఆయనకి చక్కెర వేసిన కాఫీ తాగాలని ఉంది.

ఆ సాయంత్రం చెప్పుల పొట్లం బల్ల మీద పెట్టుకుని డ్రైవరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గైడమ్మ కావాలని అడుగుతూ మరో మెయిల్ వచ్చి ఉంది. "ఆవిడ" అని కొట్టాడు. తర్వాతి మాట కూడా కొట్టాడు. ఒంటివేలితోనే, ఒక్కో అక్షరం చూసుకుంటూ. పంపాక ఇల్లు ఇంకా నిశ్శబ్దమైంది. మరదలు వంటింట్లోంచి తొంగిచూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

చెప్పుల కొట్టు ముసలాయన అరలో ఇంకో పాత జత పెట్టాడు. జనం వచ్చి అడుగుతుంటే లేదనలేకపోయాడు. ఓడ వచ్చిన రోజున పెద్ద బస్సులన్నీ ఇప్పుడు ఆ వీధిలో ఆగుతున్నాయి. ఎర్రగొడుగు మైకులో చెప్పగానే అందరూ టోపీలు తీసి, నావికుడి భార్య కోసం కాసేపు మౌనంగా నిలబడతారు. అప్పుడు వాళ్ళ వెనక దారి దొరక్క ఇరుక్కుపోయేది ఎప్పుడూ ఆ వ్యానే.